అక్వేరియం చేపకు ఒంట్లో బాగోలేకపోతే: నీళ్లతో మొదలుపెట్టి మందు దాకా

నేను మొదటిసారి చేపల్ని చంపింది ఒక ఆదివారం. అప్పుడు మాత్రం ట్యాంకు శుభ్రం చేస్తున్నాననే అనుకున్నాను. నీళ్లన్నీ తోడి పారబోశాను, గులకరాళ్లు మూడుసార్లు కడిగాను, ఫిల్టరులోని స్పాంజిని కుళాయి కింద పెట్టి మురికి పోయేదాకా పిండాను. కొత్త నీళ్లలో ఆరు గోల్డ్‌ఫిష్‌లు మెరిసిపోతూ తిరిగాయి. బుధవారానికల్లా ఆరూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. దుకాణానికి పరుగెత్తితే నీలం మందు సీసా ఒకటి చేతిలో పెట్టారు. పోశాను. శనివారానికి ఒక్కటి మిగిలింది.

ఆ నీలం మందులో తప్పేం లేదు. దాని పేరు మిథిలీన్ బ్లూ, పనికొచ్చే చోట బాగా పనికొస్తుంది. కానీ నా చేపలకు అసలు జబ్బే లేదు. స్పాంజిలో కాపురం ఉండే మంచి బ్యాక్టీరియాను నేను క్లోరిన్ నీళ్లతో కడిగేశాను. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను తినేవాళ్లు లేకపోయారు. మిగిలిన కొద్దిపాటి బ్యాక్టీరియాను నీలం మందు చంపింది.

అందుకే ఇప్పుడు తెలిసినవాళ్లు ఎవరైనా వాట్సాప్‌లో వీడియో పంపి "అన్నా, చేప డల్‌గా ఉంది, ఏం మందు వేయాలి?" అంటే, నేను మందు పేరు చెప్పను. కింద రాసిన వరసలో ప్రశ్నలు అడుగుతాను. సగం మందికి రెండో ప్రశ్న దగ్గరే జవాబు దొరుకుతుంది.

1. పది నిమిషాలు ఊరికే చూడండి

గ్లాసు మీద వేలితో కొట్టకండి. కాస్త దూరంగా కుర్చీ వేసుకుని కూర్చోండి. మనిషి దగ్గరికొస్తే మేత వేస్తారని చేపలు ఎగబడతాయి, నీరసంగా ఉన్నది కూడా హుషారు నటిస్తుంది. మీరున్న సంగతి మర్చిపోయాకే అసలు తీరు బయటపడుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఇబ్బంది ఒక్క చేపకా, అన్నింటికా అని. అన్నీ ఒకేసారి పైకి చేరి గాలి మింగుతున్నా, అన్నీ ఒకేసారి అడుగున పడి ఉన్నా, తొంభై తొమ్మిది పాళ్లు నీళ్లదే తప్పు అనుకోండి. ఒక్కటే మూలకు చేరిందంటే దానికి జబ్బైనా అయ్యుండాలి, లేదా మిగతావి దాన్ని తరిమి తరిమి వేధిస్తూ అయినా ఉండాలి. తోక అంచు ఎవరో కొరికినట్టు ముక్క ఊడి ఉంటే ఇన్ఫెక్షన్ గురించి ఆలోచించే ముందు పక్కనున్న టైగర్ బార్బ్ చేపను అనుమానించండి.

తర్వాత మొప్పలు చూడండి. రెండూ సమానంగా ఆడుతున్నాయా, ఒకటి మూసుకుని ఒకటే ఆడుతోందా? రెక్కలు విప్పి ఉన్నాయా, తడిసిన గొడుగులా ఒంటికి అతుక్కుని ఉన్నాయా? రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోందా? మలం మేత రంగులో ఉందా, తెల్లగా దారంలా వేలాడుతోందా? మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోందా? ఇవన్నీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. మూడు రోజుల తర్వాత బాగవుతోందో లేదో పోల్చుకోవడానికి మన జ్ఞాపకం కంటే వీడియో నమ్మకం.

జబ్బు కాని వాటిని జబ్బనుకుని మందు పోసేవాళ్లు చాలామంది. మగ గోల్డ్‌ఫిష్‌కు జత కట్టే కాలంలో మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున తెల్లటి చుక్కలు వరసగా లేస్తాయి. అది వైట్ స్పాట్ (తెల్ల చుక్కల జబ్బు) కాదు, మగతనం గుర్తు. బెట్టా, గౌరామీ చేపలు అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి మింగడం వాటి పుట్టుక లక్షణం. నియాన్ టెట్రాలు రాత్రిపూట రంగు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, లైటు వేసిన కాసేపటికి మళ్లీ మెరుస్తాయి. గోల్డ్‌ఫిష్ ఒంటి మీద ఉన్నట్టుండి నల్ల మచ్చలొస్తే అవి చాలాసార్లు అమ్మోనియా కాల్చిన చోట చర్మం మానుతున్న గుర్తులు. అంటే ప్రమాదం దాటుతోందన్నమాట, కాకపోతే ప్రమాదం ఎందుకొచ్చిందో వెతకాలి.

2. నీళ్లు పరీక్షించండి

నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అంటారు. అమ్మోనియాకు రంగు లేదు. కొలిస్తేనే తెలుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) కొలిచే చుక్కల కిట్ ఒకటి కొనుక్కోండి. ఖరీదే, కానీ మూడు నాలుగు మందు సీసాల ఖర్చుతో సంవత్సరం వస్తుంది. ముంచి చూసే స్ట్రిప్పులకంటే చుక్కల కిట్ నమ్మదగ్గది. దానితో పాటు ఒక థర్మామీటరు.

నడుస్తున్న ట్యాంకులో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. మొదటి రెండింటిలో ఏది కనిపించినా ఇక మందు గురించి ఆలోచించకండి, నీళ్లు మార్చండి. కొత్తగా పెట్టిన ట్యాంకులో ఇది సహజం. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా పది చేపలు తెచ్చి వేస్తే అవి తమ మురికిలోనే మునుగుతాయి.

అమ్మోనియా అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, పక్కనే పీహెచ్ కూడా చూడాలి. అమ్మోనియాలో విషమైన భాగం ఎంతన్నది పీహెచ్, వేడి రెండింటి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషభాగం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అయిదు శాతం దాటుతుంది. కిట్‌లో రంగు ఒకటే, చేపకు విషం సుమారు పదింతలు. మన బోరు నీళ్లు చాలాచోట్ల పీహెచ్ 8 దగ్గర ఉంటాయి కాబట్టి ఇది పుస్తకంలో సంగతి అనుకోవద్దు.

అమ్మోనియా కనిపిస్తే వెంటనే మూడోవంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి, మేత ఆపండి, గాలి పంపు పెంచండి. మర్నాడు మళ్లీ కొలిచి మళ్లీ మార్చండి. నైట్రైట్ కనిపిస్తే నీళ్లు మార్చడంతో పాటు లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు కలపండి. నైట్రైట్ రక్తంలోకి వెళ్లి ప్రాణవాయువు మోసే శక్తిని చంపుతుంది, మొప్పలు ఎర్రగా కాకుండా గోధుమ రంగుకు తిరుగుతాయి. ఉప్పులోని క్లోరైడ్ ఆ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. తెలంగాణలో దొడ్డుప్పు అనేది ఇదే, ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. అక్వేరియం సాల్ట్ అని పొట్లం కట్టి పది రెట్లు ధరకు అమ్మేది కూడా ఉప్పే.

ఒక్కచోట మాత్రం ఆగాలి. నెలల తరబడి నీళ్లు మార్చని పాత ట్యాంకులో పీహెచ్ 6 కిందికి జారి ఉండొచ్చు. అక్కడ అమ్మోనియా ఎంత ఉన్నా దాదాపు హాని చేయని రూపంలో పడి ఉంటుంది. మీరు జాలిపడి ఒకేసారి సగం బోరు నీళ్లు పోస్తే పీహెచ్ ఎగబాకి ఆ అమ్మోనియా అంతా గంటలో విషమవుతుంది. అలాంటి ట్యాంకులో రోజుకు పదో వంతు చొప్పున, వారం పదిరోజుల మీద మార్చాలి.

ఇక ఆర్వో నీళ్ల గురించి. "మేం తాగే ఫిల్టరు నీళ్లే పోస్తున్నామండీ" అని గర్వంగా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ప్రేమే, కాదనను. కానీ ఆర్వో యంత్రం ఖనిజాలన్నీ తీసేస్తుంది, పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్లు కూడా దాంట్లో పోతాయి. అలాంటి నీళ్లలో పీహెచ్ ఏ రాత్రైనా పడిపోతుంది. మూడొంతుల కుళాయి నీళ్లకు ఒక వంతు ఆర్వో కలిపితే ఇబ్బంది లేదు. మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసే చుక్కలు వేయండి, లేదా బకెట్లో గాలిరాయి (గాలి పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) పెట్టి ఒక రోజంతా వదిలేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ భూమిలోపలి గ్యాసులు కరిగి ఉంటాయి, వాటినీ ఒక రాత్రి నిలవబెట్టడమే మంచిది.

వేడి సంగతి. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచుతాయి, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఏప్రిల్, మే నెలల్లో చేపలన్నీ పైకి తేలుతుంటే ముందు గాలిరాయి వేసి చూడండి. ఐసు గడ్డలు నేరుగా వేయకండి. ఫ్యాను గాలి నీళ్ల మీదికి తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు మెల్లగా దిగుతుంది.

3. గత రెండు వారాల్లో ఏం మారింది?

కాగితం మీద రాసుకోండి. కొత్త చేప వచ్చిందా? కరెంటు ఎన్ని గంటలు పోయింది? ఫిల్టరు ఎవరైనా కడిగారా? పండక్కి వచ్చిన పిల్లలు బిస్కెట్లు, అన్నం మెతుకులు వేశారా? (మా ఇంట్లో ఒక సంక్రాంతికి జంతిక ముక్కలు కూడా దొరికాయి.) గదికి రంగులు వేశారా, బొద్దింకల మందు కొట్టారా, దోమల మందు ట్యాంకు పక్కనే వెలుగుతోందా? గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్లలోకి తోస్తుంది. దోమల, బొద్దింకల మందుల్లో వాడే పైరిత్రాయిడ్ రకాలు మనకు పెద్దగా తెలియకపోయినా చేపలకు తీవ్రమైన విషం. ఇలాంటి అనుమానం ఉంటే పంపును వేరే గదిలో పెట్టి గొట్టం పొడిగించండి, నీళ్లు మార్చండి.

4. లెక్క వేసుకుని, ఎక్కడ వైద్యం చేయాలో తేల్చుకోండి

మందు సీసా మీద "50 లీటర్లకు ఇన్ని చుక్కలు" అని ఉంటుంది. మీ ట్యాంకు ఎన్ని లీటర్లో తెలుసా? పొడవు, వెడల్పు, నీటి ఎత్తు అంగుళాల్లో కొలిచి గుణించి 61తో భాగించండి. రెండడుగుల ట్యాంకు, అడుగు వెడల్పు, నీళ్లు పది అంగుళాలు నిండితే 24ను 12తో, దాన్ని 10తో గుణిస్తే 2880. 61తో భాగిస్తే 47 లీటర్లు. రాళ్లు, ఇసక ఆక్రమించినది తీసేస్తే 43 అనుకోండి. దుకాణంలో "అరవై లీటర్ల ట్యాంకు" అని చెప్పినదాన్ని నమ్మి మందు వేస్తే దాదాపు ఒకటిన్నర మోతాదు పడుతుంది.

వైట్ స్పాట్, వెల్వెట్ లాంటి పరాన్నజీవుల జబ్బులకు మొత్తం ట్యాంకుకే వైద్యం చేయాలి, ఎందుకంటే పురుగు నీళ్లలో, అడుగున కూడా ఉంటుంది. ఒక్క చేప దెబ్బ, తోక కుళ్లు, ఉబ్బరం లాంటివైతే దాన్ని వేరు చేయండి. దీనికి ఆస్పత్రి గ్లాసు ట్యాంకు అక్కర్లేదు. 25 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి ఒక చిన్న పూలకుండీ, పైన వల మూత చాలు. స్పాంజిని ముందునుంచే పెద్ద ట్యాంకులో ఒక మూల నడుపుతూ ఉంచితే అవసరం వచ్చినప్పుడు బ్యాక్టీరియాతో సహా సిద్ధంగా ఉంటుంది. టబ్బుకు వల, పైపు వేరేగా పెట్టుకోండి.

మందు ఎక్కడ వేసినా ఫిల్టరులో బొగ్గు ఉంటే తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. గాలిరాయి తప్పనిసరి. రెండు మందులు ఒకేసారి కలపకండి. అడుగున తిరిగే కోరీలు, లోచ్‌లు, సక్కర్ చేపలు ఉప్పుకూ మందులకూ తట్టుకోలేవు, సగం మోతాదుతో మొదలుపెట్టండి. రాగి ఉన్న మందు నత్తల్ని, రొయ్యల్ని మిగల్చదు.

5. జబ్బును గుర్తుపట్టి వైద్యం చేయడం

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది వైట్ స్పాట్. రెక్కల మీద, ఒంటి మీద ఉప్పు రవ్వలు చల్లినట్టు విడివిడి తెల్ల చుక్కలు, ఒళ్లు రుద్దుకోవడం, మొప్పలు వేగంగా ఆడటం. హైదరాబాదులో నవంబరు, డిసెంబరు రాత్రుల్లో చలి ఒక్కసారిగా దిగినప్పుడు, కొత్త చేప తెచ్చిన వారం లోపు ఇది ఎక్కువగా బయటపడుతుంది. దీనికి కారణమైన ఏకకణ జీవి బతుకు మూడు దశల్లో సాగుతుంది. చేప చర్మం కింద తింటూ పెరిగే దశలో మనకు చుక్కగా కనిపిస్తుంది. కడుపు నిండాక ఊడి అడుగుకు చేరి, చుట్టూ గూడు కట్టుకుని లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు బయటికొచ్చి ఈదుతూ ఒకటి రెండు రోజుల్లో చేపను పట్టుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి.

మందైనా ఉప్పైనా చంపేది ఈదుతున్న ఆ పిల్లల్నే. చర్మం కింద ఉన్నదానికీ గూట్లో ఉన్నదానికీ ఏమీ కాదు. మందు వేసిన రెండో రోజు చుక్కలు ఇంకా పెరిగాయని కంగారుపడి మోతాదు రెట్టింపు చేసేవాళ్లకు తెలియనిది ఇదే. నాలుగో రోజు చుక్కలు మాయమయ్యాయని మందు ఆపేసేవాళ్లకు తెలియనిదీ ఇదే. చుక్కలన్నీ గూళ్లలోకి దిగాయి, అంతే. వారం తర్వాత ఇంకా పెద్ద దండుగా తిరిగొస్తాయి.

నేను చేసేది ఇది. హీటరుతో నాలుగైదు గంటలకు ఒక డిగ్రీ చొప్పున పెంచుతూ 30 డిగ్రీలకు తెస్తాను. వేడి పురుగును నేరుగా చంపడం కంటే దాని బతుకుచక్రాన్ని త్వరగా తిప్పడం ముఖ్యం, త్వరగా ఈదే దశకు వస్తే త్వరగా దొరుకుతుంది. గోల్డ్‌ఫిష్‌కు 28 దాటనివ్వను. ఉప్పు లీటరుకు 3 గ్రాములు. 43 లీటర్లకు 130 గ్రాములు, వంటింటి త్రాసులో తూచి మూడు భాగాలు చేసి, ట్యాంకు నీళ్లలోనే కరిగించి, పన్నెండు గంటలకొకటి పోస్తాను. రోజు మార్చి రోజు పైపుతో అడుగునున్న మురికిని పీలుస్తాను, గూళ్లు కూడా దాంతో పోతాయి. ఆవిరైన నీళ్లకు బదులు పోసేటప్పుడు ఉప్పు కలపకూడదు, ఉప్పు ఆవిరవదు కదా. మార్చి తీసేసిన నీళ్లకు మాత్రమే లెక్క కట్టి కలపాలి. ఆఖరి చుక్క మాయమయ్యాక కూడా ఇంకో వారం ఇలాగే కొనసాగాలి. మొక్కలు నిండుగా ఉన్న ట్యాంకు ఇంత ఉప్పును భరించదు, అప్పుడు మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్ కలిసిన మందు సీసా మీద రాసినట్టు వాడండి, చేతికి తొడుగు వేసుకుని. తినే చేపలకు ఈ మందు దగ్గరికి కూడా రానివ్వకండి.

చుక్కలు ఇంకా సన్నగా, బంగారు పొడి అద్దినట్టు ఉంటే అది వెల్వెట్. మామూలు లైటులో కనిపించదు. గది చీకటి చేసి ఫోన్ టార్చి పక్కనుంచి కొడితే ఒళ్లు తుప్పు రంగులో మెరుస్తుంది. ఈ పురుగు వెలుతురుతో కూడా బతుకుతుంది కాబట్టి ట్యాంకు చుట్టూ గుడ్డ కప్పి లైటు ఆపేయండి, రాగి మందు వాడండి. బెట్టాల్లో ఇది రోజుల్లోనే చంపుతుంది.

ఇప్పుడు చాలామంది బోల్తా పడే చోటు. నోటి చుట్టూ తెల్లగా దూదిలా పట్టింది అంటే అందరూ ఫంగస్ అంటారు. నిజమైన ఫంగస్ దెబ్బ తగిలిన చోట, చచ్చిన గుడ్ల మీద పొడవాటి దారాల దూదిలా లేస్తుంది, మెల్లగా పెరుగుతుంది. మిథిలీన్ బ్లూ, ఉప్పు దానికి సరిపోతాయి, కానీ టబ్బులోనే, పెద్ద ట్యాంకులో పోస్తే నా ఆదివారం కథే మళ్లీ. నోటి దగ్గర బూడిద తెలుపు పొరలా, వీపు మీద జీను వేసినట్టు పాలిపోయిన మచ్చలా ఉండి, ఒకటి రెండు రోజుల్లో చేప చచ్చిపోతుంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా. దీనికి వేడంటే ఇష్టం. వైట్ స్పాట్ అనుకుని 30 డిగ్రీలకు పెంచారో, దానికి విందు పెట్టినట్టే. నీళ్లు 24 దగ్గరికి దించి, చేపను వేరు చేసి, యాంటీబయాటిక్ కోసం పశువైద్యుణ్ని అడగాలి. మందుల షాపులో కొన్న క్యాప్స్యూల్ విప్పి ట్యాంకులో చల్లే సొంత వైద్యం వద్దు. మోతాదు తెలియక సగం సగం వేస్తే మందుకు లొంగని బ్యాక్టీరియాను మనమే పెంచినవాళ్లమవుతాం, ఆ నీళ్లు పోయేది మన కాలువల్లోకే.

తోక కుళ్లు కూడా బ్యాక్టీరియాదే కానీ దానికి నేను మొదట మందు వాడను. అంచు చిరిగి తెల్లబడి లేదా ఎర్రబడి ఉంటే రోజూ నాలుగోవంతు నీళ్లు మార్చుతూ వారం చూడండి. కొత్తగా వచ్చే రెక్క అంచు పారదర్శకంగా, గాజులా ఉంటుంది, దాన్ని మళ్లీ జబ్బనుకోకండి. ఎరుపు తోక మొదలు దాకా పాకితే డాక్టరు. బెట్టాకైతే ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి వేయొచ్చు. మన వీధుల్లో ఎర్రబడి రాలే గొడుగు బాదం ఆకే, దుకాణాల్లో ఖరీదు కట్టి అమ్మేదీ అదే. దాని టానిన్ల వల్ల నీళ్లు టీ రంగుకు తిరిగి కాస్త మేలు చేస్తాయి, అద్భుతాలేమీ ఆశించకండి. పసుపు మాత్రం వేయకండి. కూరలో బాగుంటుంది, మొప్పలకు పొడి అంటుకుంటే ఊపిరాడదు.

గుండ్రటి గోల్డ్‌ఫిష్ తలకిందులై తేలుతుంటే చాలాసార్లు మలబద్ధకం. రెండు మూడు రోజులు పస్తు పెట్టండి, చేపకు అది పెద్ద లెక్క కాదు. తర్వాత ఉడికించి పొట్టు తీసిన పచ్చి బఠానీ చిన్న ముక్కలు పెట్టండి. పైన తేలే గింజల మేత తింటూ గాలి మింగుతాయి కాబట్టి ఇకపై మేత నానబెట్టి, మునిగేలా వేయండి. బెట్టా మాంసాహారి, దానికి బఠానీ వద్దు, పస్తు చాలు.

పొట్ట ఉబ్బి, పైనుంచి చూస్తే పొలుసులన్నీ పైన్ కాయలా లేచి నిలబడితే అది డ్రాప్సీ. దాని అర్థం చాలాసార్లు మూత్రపిండాలు చేతులెత్తేశాయని. వేరు చేసి లీటరుకు అర గ్రాము నుంచి గ్రాము ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేస్తే లోపలి నీరు కాస్త లాగుతుంది. ఇక్కడ మామూలు ఉప్పు వాడకూడదు. బతికేవి తక్కువే, ఆ మాట ముందే చెప్పడం మంచిది.

కంటికి కనిపించే పురుగులు కూడా ఉన్నాయి. గుండ్రంగా, పల్చగా, ఒంటి మీద జారుతూ తిరిగేది చేప పేను. కైకలూరు, భీమవరం చెరువుల రైతులకు దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. పుల్లలా ఒంట్లోంచి బయటికి వేలాడేది యాంకర్ వార్మ్. తడిగుడ్డలో చేపను పట్టుకుని సన్నటి పట్టకారుతో గుచ్చుకున్న చోటికి దగ్గరగా పట్టి లాగండి. గుడ్లు ట్యాంకులోనే ఉంటాయి కాబట్టి నాలుగు వారాలు వెతుకుతూ, తీస్తూ ఉండాలి. చెరువులకు కొట్టే పేను మందులు తెచ్చి ట్యాంకులో పోయకండి. ఎకరాల లెక్కన వాడే మందును 40 లీటర్లకు కొలవడం మనవల్ల కాదు.

పైకి ఏ మచ్చా లేకుండా ఒకే మొప్ప ఆడుతూ, ఒళ్లు రుద్దుకుంటూ, నీళ్ల పరీక్ష సరిగ్గా ఉంటే మొప్ప పురుగుల్ని అనుమానించాలి. ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు, గుడ్లు పగిలి వచ్చే కొత్తవాటి కోసం వారం తర్వాత మళ్లీ. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ లాంటివి తిండి మానేసి తెల్ల దారం మలం వేస్తూ తల మీద గుంటలు పడుతుంటే పేగుల్లో పరాన్నజీవి కావచ్చు. మెట్రోనిడజోల్ అనే మందు మేతలో కలిపి పెడతారు, మోతాదు మాత్రం డాక్టరునే అడగండి.

తింటూనే చిక్కిపోయి, వెన్ను వంకర తిరిగే చేప ఒకటి తర్వాత ఒకటి కనిపిస్తే చేపల క్షయ అనుమానం. దానికి పనికొచ్చే వైద్యం లేదు. అది మన చేతి గాయాల్లోంచి మనకూ అంటి మానని పుండ్లు తెస్తుంది. అందుకే చేతికి కోత ఉంటే తొడుగు వేసుకోండి, నీళ్లు తోడే పైపును నోటితో పీల్చే అలవాటు ఈరోజే మానేయండి.

6. మందు అయ్యాక

చేప తేరుకున్నాక మూడోవంతు నీళ్లు మార్చి, బొగ్గు మళ్లీ పెడితే మిగిలిన మందు పోతుంది. ఉప్పును ఒకేసారి తీసేయకుండా వారం మీద నీళ్ల మార్పులతో తగ్గించండి. అమ్మోనియా మళ్లీ కొలవండి, కొన్ని మందులు ఫిల్టరు బ్యాక్టీరియాను దెబ్బతీస్తాయి. స్పాంజిని ఇకపై ట్యాంకులోంచి తోడిన నీళ్లలోనే పిండండి.

కొన్ని బాగవ్వవు. వారాల తరబడి పక్కకు ఒరిగి, తిండి లేక, ఊపిరి కోసం కొట్టుకునే చేపను అలా వదిలేయడం నాకు దయగా అనిపించదు. పంటినొప్పికి మందుల షాపులో అమ్మే లవంగ నూనెను సీసాలో గోరువెచ్చటి నీళ్లతో గట్టిగా కలిపి, చేప ఉన్న గిన్నెలో మొదట కొద్ది చుక్కలు పోస్తే అది మత్తులోకి జారుతుంది. కదలిక ఆగాక లీటరుకు 0.4 మిల్లీలీటర్ల లెక్కన మిగతాది పోయండి. మొప్పలు ఆగాక ఇంకో పది పదిహేను నిమిషాలు నీళ్లలోనే ఉంచండి. తర్వాత పూలకుండీ మట్టిలో లోతుగా పూడ్చండి. జబ్బు చేపనైనా, పెరిగి విసుగు పుట్టించిన చేపనైనా చెరువులో వదలకండి. అక్వేరియాల్లోంచి బయటపడ్డ సక్కర్ చేప ఇప్పటికే మన వాగుల్లో, చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతోంది.

కొత్త చేపల గురించి ఒక్క మాట. మన దుకాణాలకు వచ్చే చేపల్లో చాలావరకు చెన్నై కొళత్తూరు, కోల్‌కతా వైపు నుంచి సంచుల్లో రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. దిగిన రోజే కొనకండి, నాలుగు రోజులాగి అదే చేప తింటోందో లేదో చూసి కొనండి. సంచి నీళ్లు ట్యాంకులో పోయకుండా చేపను మాత్రం వలతో తీసి, మూడు నాలుగు వారాలు టబ్బులోనే ఉంచండి. మా బాల్కనీ నీడలో ఉన్న టబ్బులో ఇప్పుడు నాలుగు కోరీలున్నాయి. ఈరోజుకు పదకొండో రోజు. ఒకటి నిన్న సాయంత్రం రెండుసార్లు పూలకుండీకి ఒళ్లు రుద్దుకుంది, వీడియో తీసి పెట్టాను.